కళ్ళు మూసుకున్న ఫోటో

నా చిన్నప్పుడు మా ఇంటికంతటికీ ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అందులో నాన్న, మా మేనత్త, సంఘం పాస్టరుగారు, ఊళ్ళోవాళ్ళు ఓ పాతికమంది నిలబడి ఉంటారు. ముందు వరసలో కొత్త గౌను వేసుకుని ఎటో చూస్తూ నేను. అందరి మధ్యా, పెట్టెలో, అమ్మ. మా క్రైస్తవుల ఇళ్ళల్లో మనిషి పోతే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళే ముందు పెట్టె చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం ఆనవాయితీ. బతికుండగా ఒక్కసారైనా కెమెరా ముందు నిలబడని మనిషికి కూడా ఆ రోజు మాత్రం అవనిగడ్డ నుంచి ఫోటోగ్రాఫరు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. మా అమ్మకీ అలాగే వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మా అమ్మ, తన జీవితంలో దిగిన ఒక్క ఫోటోలో కళ్ళు మూసుకుని ఉంది.

మా నాన్న కాలవ లస్కరు. నాగాయలంక దగ్గర లాకుల పక్కన మాకో చిన్న క్వార్టరు ఉండేది. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంట తిరిగి ఎక్కడా గండి పడకుండా చూసుకోవడం ఆయన పని. అమ్మ నాట్లకీ కలుపులకీ కూలికి వెళ్ళేది. ఆ ఏడు క్రిస్మస్ అయిన మూడో వారంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. నాకప్పుడు ఏడు నిండి ఎనిమిది. ఆడపిల్లని లాకుల దగ్గర ఒంటరిగా వదిలి గట్లు తిరగలేనని నాన్న నన్ను బందరులో మేనత్త దగ్గర దించాడు. ఆ ఫోటోని కూడా ఆవిడ చేతికే ఇచ్చేశాడు. "ఇది నా దగ్గరుంటే నేను పనికెళ్ళలేనమ్మా," అన్నాడట. గోడకి తగిలించుకునే ఫోటో కాదు కదా, అత్తయ్య దాన్ని ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచింది.

అత్తయ్య ఆసుపత్రిలో ఆయా. ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే నేను ట్రంకు తెరిచేదాన్ని. చీరలు చెదరకుండా చెయ్యి పోనిచ్చి ఫోటో తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చూసేదాన్ని. రోజూ చూసేదాన్ని. అన్నం తిన్నాక ఓసారి, బడి నుంచి రాగానే ఓసారి. అలా నెలల తరబడి చూశాక ఒక రోజు బళ్ళో లెక్క చేస్తూ చేస్తూ అమ్మ మొహం గుర్తు చేసుకోబోయాను. అమ్మ చేతులు వచ్చాయి. కాళ్ళ పగుళ్ళు వచ్చాయి. జడ అల్లుతూ నోట్లో రిబ్బను పట్టుకోవడం వచ్చింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూసుకుపోయిన రెప్పలే కనిపించాయి. ఎంత ప్రయత్నించినా ఆ ఫోటోలో అమ్మే వచ్చింది గానీ మా ఇంట్లో అమ్మ రాలేదు.

ఆ రోజు నాకు వేసిన భయం ఇప్పటికీ మర్చిపోలేదు. సొంత అమ్మ కళ్ళు మర్చిపోయిన పిల్ల ఎక్కడైనా ఉంటుందా? ఈ సంగతి అత్తయ్యకి తెలిస్తే ఏమంటుంది, నాన్నకి తెలిస్తే ఏమైపోతాడు అని నాలో నేనే కుమిలిపోయాను. ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేసి దాచుకున్నట్టు దాచుకున్నాను.

మా పక్కింట్లో బోర్డులు రాసే ఆయన ఉండేవారు. వీధిలో పిల్లలందరం ఆయన్ని బోర్డుల మావయ్య అనేవాళ్ళం. ఆయన ఇంటి అరుగే ఆయన పనిచోటు. గోడకి వరసగా రేకు బోర్డులు ఆరుతూ ఉండేవి. ఒకదాని మీద పంటలకి కొట్టే మందు డబ్బా, ఇంకోదాని మీద సగం రాసిన డాక్టరుగారి పేరు. కిరసనాయిలు, టర్పెంటైను కలిసిన వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది. కుంచె తుడుచుకోవడానికి ఆయన వేరే గుడ్డ వాడేవారు కాదు, కట్టుకున్న లుంగీయే. ఆ లుంగీ చూసి ఆ వారం ఏయే కొట్లకి బోర్డులు రాశారో మేం చెప్పేసేవాళ్ళం. డిసెంబరు వస్తే చర్చిల గోడల మీద వాక్యాలు రాసే పని కూడా ఉండేది. ఆయన గుడికెళ్ళే మనిషి. అక్షరం పోతుందేమోనని రాసే ముందు అత్తయ్య దగ్గరికొచ్చి బైబిలు తెరిపించి రెండు మూడుసార్లు సరిచూసుకునేవారు.

పని లేనప్పుడు కూడా ఆ కళ్ళకి తీరిక ఉండేది కాదు. బస్టాండులో ఊరికే ఓ గంట నిలబడి వచ్చిపోయే మొహాలు చూసేవారు. పెడనలో అద్దకం వేసే వాళ్ళ దగ్గర కత్తిరించి పారేసిన గుడ్డ పేలికలు తెచ్చుకుని గోడకి మేకులతో కొట్టుకునేవారు. "ఈ ఎరుపు చూడవే, డబ్బాలో దొరకదు," అని నన్ను పిలిచి చూపించేవారు. నాకది మామూలు ఎరుపు లాగే కనిపించేది. అయినా తలూపేదాన్ని. అప్పటికే నాకు అబద్ధాలు బాగానే వచ్చు.

అమ్మ పోయి ఏడాది కావస్తోందనగా డిసెంబరు మొదట్లో నాన్న బందరు వచ్చాడు. సంవత్సరం తిరిగే రోజుకి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామనీ, బల్ల మీద అమ్మ పటం ఒకటి ఉంటే బాగుంటుందనీ ఆయన కోరిక. అత్తయ్య ట్రంకులోంచి ఫోటో తీసింది. ముగ్గురం పక్కింటి అరుగు మీదికి వెళ్ళాం.

మావయ్య ఫోటోని చాలాసేపు చూశారు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. "మొహం ఒక్కటే రావాలండీ. కూర్చున్నట్టు, కళ్ళు తెరిచినట్టు. వీలవుద్దాండీ?"

"కళ్ళు తెరిపించడం నా పనేలెండి. ఎలాంటి కళ్ళో మాత్రం మీరు చెప్పాలి."

"పెద్ద కళ్ళండీ."

"అవునండీ అన్నయ్యగారూ, చారెడేసి కళ్ళు మా వదినకి," అని అత్తయ్య కూడా మావయ్యతో అంది.

మావయ్య చిన్నగా నవ్వారు. "పోయినవాళ్ళందరికీ చారెడేసి కళ్ళేనమ్మా. ఇంతవరకు చిన్న కళ్ళని ఒక్కళ్ళూ చెప్పలేదు నాకు." అని నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు అమ్మడూ. మీ అమ్మ కళ్ళు ఎలా ఉండేవి?"

అందరూ నన్నే చూశారు. నాన్న మొహంలో ఆశ. కూతురు కదా, చెబుతుంది అనుకున్నాడు. ఎదురుగా గోడకి ఆనించి ఓ ఫ్యాన్సీ కొట్టు బోర్డు ఆరుతోంది. దాని మీద ఒకావిడ, తలలో పూలు, నవ్వుమొహం. నేను ఆ బోర్డు చూస్తూ చెప్పేశాను. పొడుగ్గా చేపల్లాగా ఉండేవన్నాను. రెప్పలు ఒత్తుగా ఉండేవన్నాను. కాటుక పెట్టుకునేది అని కూడా అన్నాను. మా అమ్మ జన్మలో కాటుక పెట్టుకుని ఎరగదు. నాన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు. మావయ్య తల తిప్పి ఆ ఫ్యాన్సీ కొట్టు బోర్డు వైపు ఓసారి చూశారు. మళ్ళీ నన్ను చూశారు. "సరే," అన్నారు, అంతే.

ఆ తర్వాత వారం రోజులు నేను బడి నుంచి రాగానే ఆ అరుగు మీదే ఉండేదాన్ని. ఫోటోలో అమ్మ మొహం బొటనవేలి గోరంత కూడా లేదు. దాని మీద సన్నటి గళ్ళు గీసి, పెద్ద కాగితం మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఇటు మారుస్తూ వచ్చారు. ఒక రోజు నన్ను చాప మీద వెల్లకిలా పడుకోమన్నారు. లేచి కూర్చోమన్నారు. మళ్ళీ పడుకోమన్నారు. ఇదేం ఆటో నాకు అర్థం కాలేదు. పడుకున్న మనిషి బుగ్గలు చెవుల వైపు జారతాయట. లేచి కూర్చుంటే మళ్ళీ గడ్డం వైపు దిగుతాయట. "మీ అమ్మని లేపి కూర్చోబెట్టాలి కదే, ముందు ఆ బుగ్గల్ని కిందికి దించాలి," అన్నారు. ఆ మాట ఆయన పని గురించే అన్నారని నాకు తెలుసు. అయినా లేపి కూర్చోబెట్టాలి అన్న మాట వినగానే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం పటం పూర్తయిందని పిలిచారు. చూస్తే అమ్మ నుదురే, అమ్మ ముక్కే, కింది పెదవి కొంచెం ముందుకుండటం కూడా అమ్మదే. కళ్ళు మాత్రం నేను చెప్పినవి. చేపల్లాంటి కళ్ళు, ఒత్తు రెప్పలు, కాటుక. ఎంతో అందంగా ఉంది. "బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను. ఇంకేమనను? నేను చెప్పినట్టే వేశారు మరి. అత్తయ్య చూసి ఎంతో మురిసిపోయింది. నేను ఇంట్లోకొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. కంచం పక్కకి జరిపేశాను. ఎవరో కొత్త ఆవిడ మా అమ్మ మొహం పెట్టుకుని వచ్చినట్టు అనిపించింది. ఇక జీవితాంతం మా గోడ మీద ఆవిడే ఉంటుంది, అమ్మ ఉండదు. ఇదంతా నా అబద్ధం వల్లే అనుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

తెల్లారి లేస్తూనే మొహం కూడా కడుక్కోకుండా పక్కింటికి పరిగెత్తాను. మావయ్య అరుగు ఊడుస్తున్నారు. "అది మా అమ్మ కాదు," అన్నాను. అని ఏడ్చేశాను. నాకు గుర్తు లేదనీ, బోర్డు చూసి చెప్పాననీ, ఫోటో చూసి చూసి అమ్మ కళ్ళు మర్చిపోయాననీ, నాన్నకి చెప్పొద్దనీ, అన్నీ కలిపి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన చీపురు పక్కన పెట్టి నా ముందు గొంతుక్కూర్చున్నారు.

"గుర్తు లేకపోతే ఇది మీ అమ్మ కాదని నీకెవరు చెప్పారే?"

నేను ఏడుపు ఆపి ఆయన్నే చూశాను.

"నిజంగా మర్చిపోయినవాళ్ళు బాగుందని దణ్ణం పెట్టి పట్టుకుపోతారు. నీకు తెలుసు గాబట్టే పొద్దున్నే పరిగెత్తుకొచ్చావ్. ఎలా ఉండేవో చెప్పడం రాలేదంతే. దానికేం, కాదని చెప్పడం వచ్చు కదా. అది చాల్లే, మనిద్దరం కలిసి వెతుకుదాం," అన్నారు.

ఆ మాటతో నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో నేను చెప్పలేను. ఆ ఫ్యాన్సీ కొట్టు కళ్ళు ఆయన కావాలనే వేశారని నాకు తర్వాతెప్పుడో పెద్దయ్యాక గానీ తట్టలేదు. నన్ను అబద్ధాలకోరు అనకుండా, నా అబద్ధాన్నే గీసి నా ముందు పెట్టారు. మిగతా పని నేనే చేసుకున్నాను.

ఆ రోజు నుంచీ సాయంత్రాలు ఇద్దరికీ ఒకటే పని. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆయన ఒక జత కళ్ళు గీసేవారు. నేను కాదనేదాన్ని. పక్కన ఇంకో జత. కాదు. ఎందుకు కాదని ఒక్కసారి కూడా అడగలేదు. రెప్ప కాస్త దించేవారు, కాదంటే ఎత్తేవారు. కనుబొమకీ కంటికీ మధ్య చోటు తగ్గించేవారు. పదిసార్లు కాదన్నాక ఎక్కడో ఒకచోట నేను వెంటనే కాదనలేక ఆగిపోయేదాన్ని. అదే ఆయనకి గుర్తు. అక్కడ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేవారు. అటుగా వచ్చిన అత్తయ్య మమ్మల్ని చూసి, "బోర్డులు మానేసి కళ్ళజోళ్ళ కొట్టు పెట్టారా అన్నయ్యగారూ," అని నవ్వేది. అసలు సంగతి ఆయన ఆవిడకి చెప్పలేదు. నాన్నకి చెప్పొద్దన్నాను కదా, ఎవరికీ చెప్పలేదు.

అలా కంటి ఆకారం వరకు వచ్చింది. అవి పెద్ద కళ్ళేం కాదు, మామూలు కళ్ళు. కానీ వాటిని మొహంలో పెట్టి చూస్తే మళ్ళీ అమ్మ కాదు. నేను కాదనలేక, అవుననలేక నిలబడిపోయాను. "కళ్ళొచ్చాయే, చూపు రాలేదు," అన్నారు ఆయన. అప్పటికి కూడికకి ఇంకా నెల కూడా లేదు. నా వల్ల కాదేమోనని మళ్ళీ భయం పట్టుకుంది.

ఒక శనివారం ఒంటిపూట బడి. మావయ్య పెడన వెళ్తూ నన్ను కూడా సైకిలెక్కించుకున్నారు. అక్కడ అద్దకం అచ్చులు చెక్కేవాళ్ళకి పువ్వులూ తీగలూ కాగితాల మీద గీసిచ్చే పని ఆయనకి ఉండేది. పెడన దగ్గరపడేసరికి కాలవ గట్టు వెంట వెళ్తున్నాం. కింద నీళ్ళల్లో అద్దకం బట్టలు జాడిస్తున్నారు. మోకాలి లోతులో నడుం వంచి నిలబడి, బారెడు బారెడు గుడ్డలు అటూ ఇటూ ఊపుతున్నారు. గడ్డి మీదంతా ఆరేసిన ఎర్ర గుడ్డలు. మావయ్య సైకిలు బెల్లు కొట్టారు. నీళ్ళల్లో ఉన్న ఒకావిడ వంచిన నడుం ఎత్తకుండానే తల మాత్రం ఎత్తి మా వైపు చూసింది. సూర్యుడు మా వెనక ఉన్నాడు. ఆవిడ రెండు చేతుల్లోనూ తడిగుడ్డ.

"అదీ!" అని అరిచాను. సైకిలు పక్కకి ఒరిగి ఇద్దరం పడబోయాం.

ఆవిడ కళ్ళు మా అమ్మ కళ్ళలాంటివి కావు. మనిషి కూడా వేరు, వయసులో ఎంతో పెద్ద. కానీ ఆ చూపు నాకు తెలుసు. నాట్లప్పుడు మధ్యాహ్నం నేను అమ్మకి క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. పొలం గట్టు మీద నిలబడి అమ్మా అని పిలిచేదాన్ని. కింద బురదలో వరసగా వంగి ఉన్న ఆడవాళ్ళలోంచి ఒక్క తల పైకి లేచేది. ఎండ సూటిగా కళ్ళల్లో పడేది. చేతులనిండా బురద కాబట్టి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు. అందుకని అమ్మ కుడికన్ను దాదాపు మూసేసి, ఎడమకన్ను సగానికి చికిలించి నన్ను చూసేది. నుదుటి మీద మూడు గీతలు పడేవి. ఒక పక్క పెదవి పైకి లేచేది. తెలియనివాళ్ళు చూస్తే విసుక్కుంటోంది అనుకుంటారు. "వచ్చావా" అనేది. తల్లులందరూ పిల్లల్ని పైనుంచి చూస్తారు. మా అమ్మ నన్ను కిందినుంచి చూసేది. చీకటితో పనికెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి, పగటి వెలుతురులో ఆ కళ్ళు నేను చూసిందే గట్టు మీద నిలబడి.

ఇదంతా అప్పుడు ఇంత వివరంగా చెప్పలేదు. ఏదో తడబడుతూ చెప్పాను. మావయ్యకి అర్థమైంది. సైకిలు స్టాండు వేసి గట్టు అంచుకి వెళ్ళారు.

"అమ్మా, ఇంకొక్కసారి అలాగే ఇటు చూస్తారా?"

ఆవిడ ఆయన చొక్కా మీది రంగులు చూసి గట్టిగా నవ్వింది. "ఏం బాబూ, నా మొగం మీద బోర్డేవన్నా రాద్దావనా?" పక్కనున్నవాళ్ళందరూ నవ్వారు. మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి, ఈ పాపకి అమ్మ లేదనీ, పటం వేస్తున్నాననీ, ఇలా చూసేదట అనీ చెప్పారు. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మళ్ళీ నడుం వంచింది. తల ఎత్తి ఎండలోకి, నా వైపు చూసింది. ఆయన అచ్చుల కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో గీసుకున్నంతసేపూ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా అలాగే చూస్తూ ఉంది. ఆ నీళ్ళు ఎండవో కాదో నాకు తెలియదు. ఆవిడెవరో, ఏ ఊరో అడగలేదు. ఆ తర్వాత ఆ గట్టు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా మళ్ళీ కనిపించలేదు.

పటం తయారైంది. ఈసారి నేను కాదనలేదు. అరుగు మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయాను. అత్తయ్యకి మాత్రం అస్సలు నచ్చలేదు. "ఇదేంటండీ అన్నయ్యగారూ, కళ్ళు తెరిపించమంటే ఒకటి మూసేశారు? మొదట వేసింది ఎంత బాగుంది, నిండుగా! కూడికకి నలుగురూ వస్తారు, ఎండలో నిలబడ్డట్టు ఈ మొహమేంటండీ?" అంది. ఆవిడ తప్పు కాదు. పటం అంటే నిండుగా, నిదానంగా సూటిగా చూస్తూ ఉండాలని అందరూ అనుకునే రోజులవి. మావయ్య వాదించలేదు. "మీ అన్నయ్యగార్ని రానివ్వండమ్మా. ఆయన వద్దంటే ఆ పెద్ద కళ్ళదే పట్టుకెళ్దురుగాని, అది కూడా ఉంది," అన్నారు.

నాన్న వచ్చేదాకా ఆ మూడు రోజులు నాకు నిద్ర లేదు. ఆయన పెద్ద కళ్ళన్న మనిషి. ఆ అందమైన ఆవిడ పటం పక్కనే ఉంది. కాస్త అటు మొగ్గితే చాలు, అమ్మ మళ్ళీ పోతుంది.

నాన్న బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరికే వచ్చాడు. మావయ్య రెండో పటాన్నే ఆయన ముందు పెట్టారు. నాన్న సంచి కింద పెట్టలేదు. అలాగే చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. అత్తయ్య ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. నేను గుమ్మం పక్కన గోడకి అతుక్కుపోయి ఆయన మొహమే చూస్తున్నాను.

"'వచ్చావా' అంటదిప్పుడు," అన్నాడు నాన్న.

ఆ మాట నేను మావయ్యకి కూడా చెప్పలేదు. కళ్ళ సంగతి చెప్పాను గానీ ఆ మాట చెప్పలేదు. నాన్న సంచి కింద పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. "గట్టు మీద మనం కనపడితే ఇట్టాగే చూసేదమ్మా. నేను కూడా పెద్ద కళ్ళనే అన్నాను చూడు. ఇట్టా చూసేదని నాకే తట్టలేదు," అని అత్తయ్యతో అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు. నేను వెళ్ళి ఆయన ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఏడాది నుంచీ నేనొక్కదాన్నే మర్చిపోయాననుకున్నాను. మా నాన్న కూడా నాలాగే వెతుక్కుంటున్నాడని ఆ పూట తెలిసింది.

కూడికలో బల్ల మీద ఆ పటమే పెట్టారు. అమ్మతో నాట్లకి వెళ్ళిన ఆడవాళ్ళు వచ్చి, పటం గడ్డం పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కళ్ళు చిన్నగా ఉన్నాయని ఒక్కళ్ళూ అనలేదు.

తర్వాత అయిదారేళ్ళు నేను ఆ అరుగు మీదే పెరిగాను. కుంచె కడగడం నుంచి గళ్ళు గీయడం దాకా ఆయనే నేర్పారు. ఆ తర్వాత సముద్రం మీదికొచ్చిన ఉప్పెన సంగతి మా సీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజున నాన్న బందరులో మా దగ్గర ఉండబట్టి దక్కాడు. లాకుల పక్కన క్వార్టరు లేదు, గోడ లేదు, గోడకున్న పటమూ లేదు. దాని వెనకే భద్రంగా దోపి ఉంచిన ఆ పెట్టె ఫోటో కూడా పోయింది. మావయ్య అప్పటికి మంచంలో ఉన్నారు. మళ్ళీ వేయమని అడగడానికి ఆయన చేతులు సహకరించే స్థితిలో లేవు. నన్నే దగ్గరికి పిలిచి, "నువ్వెయ్యవే," అన్నారు. నాకప్పటికి పద్నాలుగేళ్ళు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. గుడివాడలో ఉంటాను, ముప్ఫై ఏళ్ళ పైనుంచీ మనుషుల మొహాలు గీసే బతుకుతున్నాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే వాట్సాప్‌లో పోయినవాళ్ళ ఫోటోలు వచ్చి ఉంటాయి. మేడమ్, మా నాన్నగారికి జుట్టు కాస్త పెంచండి. ఆంటీ, మా అమ్మని నవ్వుతున్నట్టు వెయ్యండి. మా మనవరాలు ఈ మధ్య ఫోన్లో ఏదో యాప్ చూపించింది, అది మూసుకున్న కళ్ళని క్షణంలో తెరిపించేస్తుంది. చూశాను. అందరికీ చారెడేసి కళ్ళే. దానికి కాదు అని చెప్పేవాళ్ళు ఎవరూ పక్కన లేరు, పాపం.

నేను మొదటిసారి కావాలనే కళ్ళు కాస్త తప్పుగా గీస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పను, ఇక్కడే చెబుతున్నాను. గుడ్లవల్లేరు కాలేజీలో పాఠాలు చెప్పే ఒక కుర్రాడు తల్లి పటం కోసం వచ్చాడు. మొదటిది చూసి చాలా బాగుందండీ అని తీసుకుని వెళ్ళాడు. మూడో రోజు ఫోను చేసి, ఏదో నేరం ఒప్పుకున్నట్టు, "ఏమనుకోకండి మేడమ్, ఇది మా అమ్మ కాదండీ," అన్నాడు. ఎంత సంతోషమేసిందో! రా నాయనా, ఇప్పుడు మొదలుపెడదాం అన్నాను.

మా అమ్మ పటం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆ పద్నాలుగో ఏట మొదలుపెట్టినది, ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా వేరేవాళ్ళ పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద గీస్తూనే ఉన్నాను. ఎన్ని వేల మొహాలు గీసిన చెయ్యి అయినా ఆ ఒక్క చూపు దగ్గర ఆగిపోతుంది. అమ్మ బతికి ఉంటే ఇప్పుడు ఎనభై దాటి ఉండేది. నేను గీసే అమ్మకి మాత్రం ఇంకా ముప్ఫై నిండలేదు, నా కూతురికంటే చిన్నది. ఆ గట్టు మీద ఒక్క మధ్యాహ్నం నిలబడనిస్తే చాలు, ఇంకేమీ అడగను. నాకున్న భయం కూడా ఒక్కటే. వయసు మీద పడి, ఏదో ఒక రోజు ఏదో ఒక బొమ్మ చూసి అవునేమో అనేసుకుంటానేమోనని.

ఈ పొద్దున కూడా గీశాను. నుదుటి గీతలు వచ్చాయి, పెదవి లేవడం కూడా కుదిరింది, ఎడమకన్ను ఇంచుమించు వచ్చినట్టే ఉంది. కాగితాన్ని కిటికీకి ఆనించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూశాను. ఒక్క క్షణం అవునేమో అనిపించింది. తర్వాత "కాదు," అని పైకే అన్నాను. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాను. అమ్మని ఇంకా మర్చిపోలేదు.